చచ్చిన పిల్లను తేనెటీగ ఏం చేస్తుంది?

పొద్దున్నే తేనెపెట్టె వాకిలి పలకమీద తెల్లని పిల్లపురుగులు పడివుంటే కొందరు బెదిరిపోతారు. పెట్టెలో ఏదో తేడా ఉన్నమాట నిజమే. కాని వాటిని ఈడ్చుకొచ్చి పారేసింది ఈగలేనని గమనించండి. మూతవేసిన అరలో పిల్ల చెడిందని వాసన పట్టడం, మైనపు మూత కొరికి తీయడం, చచ్చినదాన్ని లాగి పారవేయడం, ఇదీ వాటి పారిశుద్ధ్యం. తెగులు తక్కిన పిల్లలకు అంటుకోకముందే యీ పని జరిగితే పట్టు నిలుస్తుంది.

మన పుట్టతేనెటీగ యీ పనిలో గట్టిది. వరోవా అనే నల్లి మొదటినుంచీ దీన్నే ఆశ్రయించి బతికింది. నల్లి దూరిన కూలి ఈగ పిల్లను ఈగలు తీసి పారేస్తాయి గనుక, నల్లి పోతుటీగల అరల్లోనే పెరగగలుగుతుంది. ఆ అర మూత దళసరి, నడుమ చిన్న బెజ్జం. లోపలి పిల్ల నీరసించి చస్తే ఈగలు ఆ మూత తీయవు. నల్లికీ అదే సమాధి. చిత్రం కాదూ! అయినా నాటు ఈగకు ఏ రోగమూ రాదనుకోకండి. 1991-92లో థాయి శాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు దక్షిణాదిన ఎన్నో పెట్టెలను ఖాళీ చేసింది.

1962లో అప్పటి పంజాబులోని నగ్రోటా బగ్వాన్‌లో నిలదొక్కుకున్న ఇటలీ తేనెటీగ సంగతి వేరు. తేనె ఎక్కువిస్తుంది. కాని నల్లి దాని కూలి ఈగల అరల్లోకూడా పిల్లలు పెడుతుంది. శుభ్రం చేసే గుణం ఒక పెట్టెలో ఉంటుంది, పక్కదానిలో ఉండదు. ఇది వంశపారంపర్యమని అమెరికా శాస్త్రజ్ఞుడు రోతెన్‌బ్యూలర్ 1964లో చూపాడు. కొన్ని ఈగలు మూత తీసి ఊరుకున్నాయట! రెండు జన్యువుల పని అని ఆయన అన్నాడు. అంతకంటే ఎక్కువే ఉన్నాయని తర్వాత తేలింది.

మీ పెట్టెల్లో గుణమున్నది ఏదో మీరే తేల్చుకోవచ్చు. పిల్లల చట్రం తీసి, మూతవేసిన నూరు అరల్లోని పిల్లలను సన్నని సూదితో పొడిచి, చట్రాన్ని మళ్లీ పెట్టండి. మర్నాడు అదే వేళకు ఖాళీ అయిన అరలు లెక్కపెట్టండి. కొద్దిరోజులు పోయాక మరోసారి చూడండి. రెండుసార్లూ దాదాపు అన్నీ ఊడ్చిన పెట్టెనుంచే కొత్త రాణులను పెంచుకోండి. సగంలో ఆగినదానికి రాణిని మార్చండి. పుట్టతేనెటీగ పెట్టెనైతే మాటిమాటికీ కదపకండి, అలిగి లేచిపోతుంది. తెగులు తగిలిన పెట్టెలోని చట్రాన్ని మాత్రం మరో పెట్టెకు మార్చకండి.