శీతదేశములలో కట్టెల పొయ్యి

పుష్యమాసపు చలిలో లంబసింగి, అరకు ప్రాంతములవారు నెగడు వేసికొని దాని చుట్టు కూర్చుందురు. మైదానపు పల్లెలలో ముసలివారు ప్రక్కన కుంపటి పెట్టుకొనుట నిన్నమొన్నటి వరకు వాడుక. తెలుగునాట చలి కొన్ని వారముల ముచ్చట. ప్రొద్దెక్కగానే అదియు తగ్గును. కాని అమెరికాలోని వెర్మాంటు, మెయిన్ రాష్ట్రములలోను, నార్వే, ఫిన్లండు దేశములలోను శీతకాలము నెలల తరబడి సాగును. అక్కడ ఇంటిని వెచ్చగా నుంచుట సుఖము కొరకు కాదు, ప్రాణరక్షణ కొరకు. చమురు, గ్యాసు, విద్యుత్తు వచ్చిన పిమ్మట గూడ అచటి కుటుంబములు అనేకము కట్టెల పొయ్యిని విడువలేదు. మంచుతుపానులో విద్యుత్తీగలు తెగిపడిన రాత్రి ఇంటిల్లిపాదిని కాపాడునది అదియే. ఆ ప్రాంతములకు వెళ్ళి స్థిరపడిన తెలుగువారిలో కొందరికి, కొన్న ఇంటితోబాటు ఈ పొయ్యితోను పరిచయము కలుగుచుండును.

ఈ పొయ్యి వంటకు కాదు. ఇనుముతోనో రాతితోనో చేసిన, తలుపు గల పెట్టె ఇది. ముందుగదిలో నిలిపి, పొగగొట్టమును ఇంటికప్పు మీదికి తీసికొనిపోవుదురు. నలుగురు కూర్చుండు చోట నుండునది గనుక అందముగా నుండవలెనని కోరుట సహజమే. నార్వేలో పదునేడవ శతాబ్దము నుండియు పోత ఇనుప పొయ్యిల పలకల మీద బైబిలు కథల బొమ్మలు పోతపోసిరి. అయితే అంగడిలో వరుసగా పేర్చిన పొయ్యిలలో ఏది నమ్మదగినదో నగిషీ చెప్పదు. అది తెలియుటకు కట్టె ఎట్లు మండునో తెలియవలెను.

తరగతిలో ఉపాధ్యాయుడు సులువుగా చూపగల ప్రయోగము ఒకటి కలదు. వెలుగుచున్న క్రొవ్వొత్తిని ఊది ఆర్పిన వెంటనే, వత్తినుండి పైకి లేచు తెల్లని పొగకు వత్తికి ఒక అంగుళము పైన వెలుగుచున్న అగ్గిపుల్లను చూపవలెను. మంట ఆ పొగ వెంబడి క్రిందికి పరుగెత్తి వత్తిని తిరిగి వెలిగించును. అనగా ఆ పొగ వ్యర్థపదార్థము కాదు, మండని ఇంధనము. కట్టె విషయమును ఇట్టిదే. ఎండుకట్టెను బాగుగా వేడిచేసినచో దాని బరువులో సుమారు ముప్పాతిక భాగము వాయువులుగను, తారు ఆవిరిగను బయటపడును, మిగిలినది బొగ్గు. కట్టె ఇచ్చు వేడిలో సగమునకు మించినది ఆ వాయువుల వలననే లభించును. కాని అవి మండుటకు సుమారు 600 డిగ్రీల వేడియు, తగినంత ఆమ్లజనియు, రెండును కలియుటకు కొంత వ్యవధియు కావలెను. వీనిలో ఏది కొరవడినను ఇంధనము పొగగా మారి ఆకాశము పాలగును.

ఐరోపాలో పూర్వము గోడలో తొలిచిన తెరచు అగ్గిగూడు ఉండెడిది. దానిలో కట్టె యిచ్చు వేడిలో నూటికి పది పదిహేను పాళ్ళకు మించి గదికి దక్కెడిది కాదు. పైగా గదిలోని వెచ్చని గాలిని గూడ పొగతోబాటు పైకి లాగివేసెడిది. గాలిపటముతో మెరుపు రహస్యమును శోధించిన బెంజమిను ఫ్రాంక్లినే దీనికి విరుగుడుగా 1742 ప్రాంతమున ఒక ఇనుప అగ్గిగూడును కల్పించెను. 1744లో దానిని వర్ణించుచు ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. పెన్సిల్వేనియా గవర్నరు పేటెంటు హక్కు ఇవ్వజూపగా, లోకమునకు ఉపయోగపడు వస్తువుపై హక్కు కోరనని నిరాకరించెను. ఇంతటివాడు చేసిన పొయ్యి గూడ సరిగా పని చేయలేదు. వేడిని పిండుకొనుటకై పొగను ఒకసారి క్రిందికి దింపి మరల పైకి పంపు మార్గమును ఆయన ఏర్పరచెను. పొయ్యి బాగుగా వేడెక్కనప్పుడు పొగ క్రిందికి దిగక గదిలోనికి వచ్చెడిది. తరువాతివారు ఆ దిగుడు మార్గమును తీసివేసిరి.

ఫిరంగి గొట్టములను తొలిపించుచు ఉష్ణము ఒక పదార్థము కాదు, చలనమే అని 1798లో చాటిన రంఫర్డు ప్రభువు గూడ ఈ సమస్యను పట్టించుకొనెను. ఆయన 1796లో వ్రాసిన వ్యాసములో అగ్గిగూడు లోతు తగ్గించి, ప్రక్కగోడలను వాలుగా నిలిపి, పొగ పోవు గొంతుకను ఇరుకు చేయుమని చెప్పెను. వాలుగోడలు వేడిని వికిరణముగా గదిలోనికి త్రిప్పును. ఇరుకు గొంతుక వెచ్చని గాలి నష్టమును తగ్గించును.

మంచి ఆధునిక పొయ్యి వీరి ఆలోచనలకు దహనశాస్త్రమును చేర్చినది. లోపల అగ్ని ఇటుకలు పరచి వేడిని నిలుపుదురు. పైన ఒక అడ్డుపలక నుంచి వాయువులు వెంటనే పారిపోకుండ చేయుదురు. దాని క్రింద చిల్లులు గల గొట్టముల ద్వారా ముందే వేడెక్కిన గాలిని వదలుదురు. అప్పుడు కట్టెకు అంటక, చిల్లుల ప్రక్కన గాలిలో నీలి, పసుపు నాలుకలు ఆడుచుండును. అది పొగ మండుట. మరికొన్ని పొయ్యిలలో పలాడియము, ప్లాటినము పూత గల తేనెపట్టు వంటి పింగాణి దిమ్మె ఉండును. ఈ ఉత్ప్రేరకము వలన పొగ 260 డిగ్రీల వద్దనే మండనారంభించును. చిన్న మంటతో రాత్రి యంతయు నెమ్మదిగా మండింప దలచినవారికి ఇది అనుకూలము. కాని రంగు వేసిన చెక్క, రంగు కాగితములు వేసినచో ఉత్ప్రేరకము పాడగును, కొన్నేండ్లకు మార్చవలెను. ఓపిక లేని చేతులకు ఉత్ప్రేరకము లేని పొయ్యియే మేలు. ఏ రకమైనను కట్టె వేడిలో నూటికి 65 మొదలు 80 పాళ్ళ వరకు గదికి అందును.

ఇక కొనువారు తరచుగా చేయు పొరపాటు ఒకటి కలదు. అది పెద్ద పొయ్యిని కొనుట. చలి కఠినము గనుక పెద్దదైతే ధైర్యమని తోచును. లెక్క వేసి చూడవలెను. ఇరువది పాళ్ళ తేమ గల కిలోగ్రాము కట్టెలో సుమారు 4 కిలోవాటు-గంటల వేడి గలదు. పొయ్యి దక్షత 75 పాళ్ళయినచో 3 గదికి దక్కును. ఒక ఇంటికి అతిశీతలమైన రాత్రి 6 కిలోవాట్లు కావలెననుకొనిన, గంటకు 2 కిలోగ్రాములు, ఎనిమిది గంటలకు 16 కిలోగ్రాముల కట్టె కావలెను. అట్టి రాత్రులు కొన్నియే. మామూలు రాత్రి 3 కిలోవాట్లు చాలును. ఆ యింటి యజమాని భయముతో 12 కిలోవాట్ల పొయ్యి కొన్నాడనుకొనుడు. మామూలు రాత్రి అది నాలుగవ వంతు బలముతోనే పని చేయవలెను. లేకున్న గది ఉడికిపోవును. అందుచే ఆయన గాలితలుపు బిగించును. మంట చచ్చి, కట్టె కమిలి, పొగలు గ్రక్కును. వాయువులు 600 డిగ్రీలను చూడకయే పొగగొట్టములోనికి పోవును. సగము ధర పెట్టి చిన్నది కొన్న పొరుగువాని కంటె ఈయనకు కట్టె ఎక్కువ ఖర్చగును!

బ్రిటనులో ఒక మోటలెక్క వాడుకలో ఉన్నది: గది ఘనపరిమాణమును ఘనమీటర్లలో కట్టి 14తో భాగించిన కిలోవాట్లు వచ్చును. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల ఎత్తు గల గది 48 ఘనమీటర్లు. దానికి సుమారు మూడున్నర కిలోవాట్లు. ఇది బ్రిటను చలికి సరిపోవు లెక్క. వెర్మాంటు వంటి చోట గోడల మందము, కిటికీలు, కప్పు చూచి ఇంటి ఉష్ణనష్టమును వేరుగా కట్టవలెను.

పెద్ద పొయ్యి బెడద ఒక యింటితో పోలేదు. 1973లో చమురు ధర పెరిగినప్పుడు అమెరికాలో ప్రజలు తండోపతండములుగా కట్టెల పొయ్యిలు కొనిరి. అవి చాలవరకు గాలి బిగించి నెమ్మదిగా కమలబెట్టు రకము. లోయలలోని పట్టణములను శీతకాలపు పొగ కప్పివేసినది. ఆ పాతరకపు పొయ్యి గంటకు 15 మొదలు 30 గ్రాముల వరకు పొగరేణువులను విడుచును. పర్యావరణ రక్షణ సంస్థ 1988లో మొదటి పరిమితులు విధించినది. 2020 మే నుండి క్రొత్త పొయ్యికి పరిమితి గంటకు 2 గ్రాములు; నిజమైన చీలికకట్టెలతో పరీక్షించినచో 2.5 గ్రాములు. కనుక పొయ్యి వెనుక అతికించిన పరీక్షాపట్టీని చదువుట నగిషీని చూచుట కంటె ముందు పని. పాతసామాను అంగడిలో చౌకగా దొరకు అందమైన పొయ్యికి ఆ పట్టీ ఉండదు.

పొయ్యి ఏ పదార్థముతో చేసినదనుట గూడ కొంత ముఖ్యమే. ఉక్కు పలకలను అతికి చేసినది త్వరగా వేడెక్కి త్వరగా చల్లారును. సాయంత్రము పని నుండి వచ్చి వెలిగించువారికి తగినది. పోత ఇనుము మందమైనది, నగిషీకి అనువైనది. కాని పెళుసు, కీళ్ళలోని సిమెంటును కొన్నేండ్లకొకసారి సరిచూడవలెను. మూడవది బలపపు రాయి. పూర్వము బడిపిల్లలు పలకల మీద వ్రాసిన బలపములు ఈ జాతి రాతివే. ఫిన్లండులోను వెర్మాంటులోను దీనిని త్రవ్వి పొయ్యిలు చేసిరి. కిలోగ్రాముకు ఇనుము కంటె సుమారు రెట్టింపు వేడిని ఇది ఇముడ్చుకొనును. మంట ఆరిన గంటల పిమ్మట గూడ గదికి వేడి ఇచ్చుచుండును. బరువు మాత్రము నేల ఓర్చుకొనవలెను.

పొయ్యికి ప్రాణము పొగగొట్టము. గాలిని లోనికి లాగునది అదియే. సున్న డిగ్రీల వద్ద ఘనమీటరు గాలి 1.29 కిలోగ్రాములు తూగును. 200 డిగ్రీల పొగ సుమారు 0.75 మాత్రమే. 5 మీటర్ల గొట్టములో ఈ భేదము 2.7 మిల్లీమీటర్ల ఎత్తు నీటి పీడనమునకు సమానము. పొయ్యికి సాధారణముగా 1.2 మిల్లీమీటర్లు చాలును. గొట్టము ఇంటి బయటి గోడకు అంటి చల్లబడి, పొగ 60 డిగ్రీలకు దిగినచో పీడనము 1.2 కంటె తగ్గిపోవును. అప్పుడు తలుపు తెరువగానే పొగ ముఖమున కొట్టును. యజమాని పొయ్యిని నిందించును. కావున గొట్టము వీలయినంతవరకు ఇంటి లోపలినుండియే పోవలెను. కప్పుపై కనీసము 3 అడుగులు లేచి, పది అడుగుల లోపలనున్న దేనికంటెను 2 అడుగులు ఎత్తుగా నుండవలెను. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున డాక్టరు ఎస్. పి. రాజు 1950 దశకములో ప్రచారమునకు తెచ్చిన పొగరాని వంటపొయ్యిలోను గొట్టము చేయు పని ఇదియే.

చల్లని గొట్టములో మరియొక అపాయము గలదు. మండని తారు ఆవిరి గోడలకు ఘనీభవించి క్రియోసోటు అను నల్లని జిగురుగా పేరుకొనును. ఒకనాడు నిప్పురవ్వ తగిలి అది అంటుకొన్నచో గొట్టములో వేడి వేయి డిగ్రీలు దాటవచ్చును. ఇండ్లు కాలిపోవుట ఇట్లే. ఏడాదికొకసారి గొట్టమును శుభ్రము చేయించుట అందుకే. కుంపటి ప్రక్కన మూసిన గదిలో నిద్రించినవారు మరణించిన వార్తలు తెలుగు పాఠకులకు క్రొత్త కాదు. రంగు, వాసన లేని కార్బను మోనాక్సైడు రక్తములోని హిమోగ్లోబినుతో కలిసి ఆమ్లజనికి చోటు లేకుండ చేయును. గొట్టము మూసికొనిపోయిన పొయ్యి కుంపటితో సమానము. అందుచే పొయ్యి కొన్ననాడే ఆ వాయువును పసిగట్టి మ్రోగు చిన్న యంత్రమును గూడ కొనవలెను.

ఎంత మంచి పొయ్యియు పచ్చికట్టెతో పని చేయదు. అప్పుడే కొట్టిన కట్టె బరువులో సగము వరకు నీరే ఉండవచ్చును. అట్టి 10 కిలోగ్రాములలో 5 నీరు. దానిని 10 డిగ్రీల నుండి మరిగించి ఆవిరి చేయుటకు, గుప్తోష్ణముతో గూడ, 3,150 కిలోకెలోరీలు కావలెను. మిగిలిన 5 కిలోగ్రాముల చెక్క ఇచ్చునది సుమారు 22,000. ఏడవ వంతు నీటి పాలే! అంతకంటె పెద్ద నష్టము, పొయ్యి గర్భము చల్లబడి వాయువులు మండకపోవుట. చీల్చి, వాన తగులని చోట పేర్చి, గాలి ఆడనిచ్చినచో చాల రకముల కట్టెకు ఒక ఏడు చాలును. ఓకు వంటి గట్టి కట్టెకు రెండేండ్లు పట్టును.

ఇంత చెప్పిన తరువాత అందము మాట. నేటి పొయ్యికి నిజమైన అలంకారము తలుపులోని గాజు. అది మామూలు గాజు కాదు. వేడికి దాదాపు వ్యాకోచింపని పింగాణి గాజు. దాని లోపలి ముఖము మీదుగా పై నుండి వేడిగాలి పొర జారునట్లు అమర్చుదురు, మసి అంటకుండుటకు. లోపల దహనము పూర్తియైనంత కాలము గాజు తేటగా నుండి మంట కనబడును. పొయ్యి పెద్దదై గాలి బిగించినను, కట్టె పచ్చిదైనను, మొట్టమొదట నల్లబడునది గాజే. నల్లబడినచో తడిపిన వార్తాపత్రిక ముక్కను పొయ్యిలోని చల్లని బూడిదలో అద్ది రుద్దిన వదలును. మరునాటికే మరల నల్లబడినచో ఆ యింటివారు పోయి కట్టెల పేర్పును, గాలితలుపు బిగింపును చూచుకొందురు.