ఇల్లు న్యూజెర్సీలో, ఆఫీసు న్యూయార్క్‌లో.. ట్యాక్స్ ఎవరికి కట్టాలి?

అమెరికాలోని తెలుగువాళ్లలో చాలామందికి ఇల్లు న్యూజెర్సీలో, ఉద్యోగం న్యూయార్క్‌లో. ఎడిసన్, జెర్సీ సిటీ నుంచి రోజూ రైలెక్కి మన్‌హటన్ వెళ్లొస్తుంటారు. ట్యాక్స్ సీజన్ రాగానే అందరిదీ ఒకటే డౌటు: ఒకే జీతానికి రెండు రాష్ట్రాలకూ పన్ను కట్టాలా?

ఇండియాలో ఈ తలనొప్పి లేదు. ఏ రాష్ట్రంలో పనిచేసినా ఆదాయపు పన్ను కేంద్రానికే. జీతంపై రాష్ట్రాలు వేసే వృత్తి పన్ను ఏడాదికి 2,500 రూపాయలు దాటదు. అమెరికాలో అలా కాదు. ఫెడరల్ ట్యాక్స్ వేరు, రాష్ట్ర ట్యాక్స్ వేరు. టెక్సాస్, ఫ్లోరిడా లాంటి కొన్ని చోట్ల మాత్రం జీతంపై రాష్ట్ర పన్ను ఉండదు.

రెండు రిటర్నులు తప్పవు

పనిచేసిన చోట సంపాదించిన జీతంపై న్యూయార్క్ పన్ను వేస్తుంది. నివాసం ఉన్నందుకు న్యూజెర్సీ మొత్తం ఆదాయాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. కాబట్టి న్యూయార్క్‌లో నాన్‌రెసిడెంట్ రిటర్ను (ఐటీ-203), న్యూజెర్సీలో రెసిడెంట్ రిటర్ను (ఎన్‌జే-1040) రెండూ వేయాలి.

అయితే న్యూయార్క్‌కు కట్టిన పన్నుకు న్యూజెర్సీ క్రెడిట్ ఇస్తుంది. ఉదాహరణకు అదే జీతంపై న్యూయార్క్‌లో 5,000 డాలర్లు, న్యూజెర్సీ లెక్కలో 4,000 డాలర్లు పన్ను పడిందనుకుందాం. న్యూజెర్సీకి కట్టాల్సిన 4,000 క్రెడిట్‌తో పోతుంది. మిగిలిన 1,000 మాత్రం వెనక్కి రాదు. అందుకే ముందు న్యూయార్క్ రిటర్ను లెక్క తేల్చుకుని, తర్వాత న్యూజెర్సీది వేయాలి. క్రెడిట్ అడగడం మర్చిపోతే మాత్రం జేబుకు చిల్లే.

వర్క్ ఫ్రమ్ హోమ్ అయితే?

చాలామంది పొరబడేది ఇక్కడే. న్యూయార్క్ ఆఫీసు ఉద్యోగి తన వీలు కోసం న్యూజెర్సీ ఇంట్లో కూర్చుని పనిచేసినా, ఆ రోజులనూ న్యూయార్క్ తన ఖాతాలోనే వేసుకుంటుంది. కంపెనీ అవసరం కోసమే ఇంటినుంచి పనిచేశామని రుజువు చేయగలిగితేనే మినహాయింపు. ఒక ఊరట ఏమిటంటే, న్యూయార్క్ సిటీ విడిగా వేసే ఆదాయపు పన్ను ఆ నగరంలో నివసించేవాళ్లకే.

పెన్సిల్వేనియాలో పనిచేస్తే?

రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందం ఉంది. జీతంపై రాష్ట్ర పన్ను నివాసం ఉన్న న్యూజెర్సీకే కట్టాలి. ఇందుకోసం కంపెనీకి ఆర్‌ఈవీ-419 ఫారం ఇవ్వాలి. ఫిలడెల్ఫియా నగరం వేసే వేజ్ ట్యాక్స్ మాత్రం ఈ ఒప్పందంలోకి రాదు.

ఉద్యోగం మారినా, ఇల్లు మారినా డబ్ల్యూ-2లో ఏ రాష్ట్రానికి ఎంత కోశారో చూసుకోవాలి. ఏ రోజు ఎక్కడ పనిచేశారో రాసి పెట్టుకుంటే, రేపు నోటీసు వచ్చినా జవాబు చేతిలో ఉంటుంది.