ఆముదపు గింజయు జీవార్థిక వ్యవస్థయు

కేంద్ర ప్రభుత్వ పక్షమున ప్రకటితమైన లెక్కల ప్రకారము మన దేశపు జీవార్థిక వ్యవస్థ విలువ 2014లో 1,000 కోట్ల డాలర్లు. 2024 నాటికి అది 16,500 కోట్లు దాటినది. 2030 నాటికి 30,000 కోట్లు కావలెనని సంకల్పము. పంటలు, చెట్లు, పశువులు, సూక్ష్మజీవులు మొదలగు ప్రాణమున్న వస్తువులనుండి ఇంధనమును, మందులను, రసాయనములను, ఆహారమును శాస్త్రీయముగా తయారుచేయు వ్యాపారమునకంతకు నేడు ఈ పేరు పెట్టియున్నారు. పేరు క్రొత్తది, పని పాతది. గానుగ తిప్పిన తెలికలవారు, నీలిమందు వండినవారు, తోలు పదునుపెట్టినవారు అందరును ఈ వ్యవస్థకు చెందినవారే. పదేండ్లలో పదునారింతలైన ఈ సంపదలో ఆ వస్తువులను పండించు కర్షకుని గడపకు చేరినదెంత యను ప్రశ్నకు మాత్రము ఆ లెక్కలలో సమాధానము కానరాదు. మేము విచారింపదలచినది ఆ ప్రశ్ననే.

ఇందుకు ఆముదమును మించిన దృష్టాంతము మాకు దొరకలేదు. ఏ చెట్టును లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమని మన పెద్దలు దానిని తేలికచేసి సామెత కట్టినారు గాని, రసాయనశాస్త్రజ్ఞుని కంటికి అది నిజముగనే మహావృక్షము. ఆముదములో నూటికి 85 పాళ్లకు పైగా రిసినోలిక్ ఆమ్లమను ఒకే కొవ్వు ఆమ్లము కలదు. ఆ ఆమ్లము ఇంత సమృద్ధిగా లభించు నూనెపంట మనము వాణిజ్యమునకు పండించువానిలో వేరొకటి లేదు. దానిని క్షారముతో కలిపి మిక్కిలి కాచినచో సెబాసిక్ ఆమ్లము వచ్చును. అది కందెనలకును, ప్లాస్టిక్కులను మెత్తపరచు ద్రవ్యములకును, ఒక తెగ నైలానునకును మూలము. వేరొక రీతిని వేడిమిచే విడగొట్టినచో నైలాన్-11 అను పదార్థమునకు దారి యేర్పడును. లారీల బ్రేకులకు గాలిని కొనిపోవు గొట్టములు, సముద్రగర్భమునుండి చమురును తెచ్చు గొట్టములలోని పొరలు దానితో చేయబడుచున్నవి. మొదటి ప్రపంచ సంగ్రామమున విమానపు యంత్రములు పెక్కింటికి ఆముదమే కందెన. కాస్ట్రాల్ అను ప్రసిద్ధమైన కందెనకు ఆ పేరు వచ్చినదియు ఆముదమునకుగల ఇంగ్లీషు నామమునుండియే. పసిబిడ్డకు కడుపునొప్పి వచ్చినప్పుడు ఉగ్గుగిన్నెతో పట్టిన నూనెకు ఇన్ని దూరపు చుట్టరికములున్నవని మన అవ్వలు ఎరుగరు పాపము.

ప్రపంచమున పండు ఆముదపు గింజలలో నూటికి 80కి పైగా మన దేశమున పండుచున్నవి. ఇంతటి ఏకచ్ఛత్రాధిపత్యము మనకు పంటలయందు అరుదు. అయినను ఆ నూనెలో అధికభాగము నూనెగానే ఓడలెక్కి చైనాకును, ఐరోపాకును, అమెరికాకును పోవుచున్నది. సెబాసిక్ ఆమ్లపు తయారీలో అగ్రస్థానము చైనాది. నైలాన్-11 ఫ్రాన్సులో 1940 ప్రాంతములందు పుట్టినది. దాని ముడిద్రవ్యమును ఆముదమునుండి నేటికిని మార్సేల్ పట్టణమున తయారుచేయుచున్నారు. 2022లో సింగపూరున మరియొక పెద్ద కర్మాగారము వెలసినది. సింగపూరు దీవిలో ఆముదపు చేను లేదు. మన దేశమునను ఆముదపు ఉత్పన్నములను చేయు కర్మాగారములు కొన్ని కలవు. వాని ప్రయత్నమును మేము తక్కువచేయము. కాని గింజ మనది, చెమట మనది, గానుగ మనది యైనప్పుడు, గానుగ దాటిన తరువాతి మెట్లన్నియు పరులవి యగుట ఏమి న్యాయము? దూదిని పంపి బట్టను కొన్న నాటి కథ ముగిసినదని మనము భావించుచున్నాము. ఆముదమునందు అది ఇంకను సాగుచునేయున్నది.

తెలుగునాట దీని గతి మరింత శోచనీయము. పాలమూరు, నల్లగొండ ప్రాంతముల చెల్కనేలలలో, వానను తప్ప మరిదేనిని నమ్ముకొనలేని రైతునకు ఆముదము ఒకనాడు పెద్ద ఆధారము. ఎరువు అంతగా కోరదు, పశువు మేయదు, కరవుకు వెరవదు. 1968లో గుజరాతులో మొదటి సంకరజాతి ఆముదము వెలువడినది. అక్కడ నీటిపారుదలయు, మార్కెట్టును, నూనెమిల్లులును దానికి తోడైనవి. నేడు దేశపు ఆముదములో నాలుగింట మూడు వంతులకు పైగా ఆ ఒక్క రాష్ట్రముదే. మన వైపున గెల వేయు సమయముననే ముసురు పట్టును. ముసురుతో బూజు తెగులు వచ్చును. ఒక్క వారములో గెలయంతయు కుళ్లి రైతు చేయి ఖాళీయగును. నూనెగింజల పరిశోధనకై నెలకొల్పబడిన జాతీయసంస్థ హైదరాబాదు చెంత రాజేంద్రనగరముననే యున్నది. అచటి శాస్త్రజ్ఞులు ఈ తెగులుతో ఏండ్లతరబడి పోరాడుచున్నారు. ఈలోపల 2002 తరువాత బీటీ పత్తి వచ్చి చెల్కలను ఆక్రమించినది. పత్తికి పట్టని తేలికనేలలలో సైతము పత్తిని పెట్టి అప్పులపాలైన కుటుంబముల సంగతి మన పాఠకులకు వేరుగ చెప్పనవసరము లేదు.

ఇక ప్రభుత్వమువారి దృష్టి ఎచట నిలిచియున్నదో చూతము. పైని చెప్పిన 16,500 కోట్ల డాలర్లలో సుమారు సగము పారిశ్రామిక విభాగముది. అందు ఇథనాలుకు పెద్ద పాలున్నది. 2014లో పెట్రోలులో ఇథనాలు నూటికి ఒకటిన్నర పాలు. 2025లో అది 20 పాళ్లకు చేరినది. ఇందుకు ఏటా సుమారు 1,000 కోట్ల లీటర్లు కావలెను. దీనివలన విదేశీ చమురునకు పోవు ధనము కొంత మిగిలినమాట, చక్కెర మిల్లులు చెరకు రైతులకు బాకీలు తీర్చగలిగినమాట సత్యము. మొక్కజొన్న ధర పెరిగి రైతు నాలుగు రూకలు చూచినాడు. ఈ మేలును కాదనుట ధర్మము కాదు.

కాని చెరకునుండి ఒక లీటరు ఇథనాలు వచ్చుటకు 2,860 లీటర్ల నీరు కావలెనని నీతి ఆయోగ్ వారి 2021 నివేదికయే ఒప్పుకొన్నది. 2023లో వానలు వెనుకాడగానే ఆహార సంస్థ బియ్యమును బట్టీలకు అమ్ముట జూలైలో ఆపవలసివచ్చినది. డిసెంబరులో చెరకు రసముపై ఆంక్ష పెట్టవలసివచ్చినది. కోట్ల రూపాయలు పెట్టి కట్టిన కర్మాగారము ఒక్క ఋతువు తప్పగానే పస్తుండినదన్నమాట. బియ్యమునుండి మొక్కజొన్నకు మరలగా కోళ్లమేతకు కరవు వచ్చి, ఒకప్పుడు మొక్కజొన్నను ఎగుమతి చేసిన దేశము 2024లో సుమారు 5 లక్షల టన్నుల దిగుమతికి తక్కువ సుంకముతో అనుమతి ఇచ్చినది. మరుసటి సంవత్సరము గిడ్డంగులు నిండగా 52 లక్షల టన్నుల బియ్యము కిలో 22 రూపాయల 50 పైసలకు బట్టీలకు కేటాయింపబడినది. మద్దతుధరకు కొని, మరపట్టించి, నిలువజేసి, ఆ వ్యయముకంటె ఎంతయో తక్కువకు అమ్మిన ఈ బియ్యము సామాన్యుని పన్నులతో కొనినది. నీటిని తోడి వరిని పండించి, వరిని కాచి, కాచినదానిని బండిలో పోసి కాల్చుట జీవార్థిక వ్యవస్థకు అట్టడుగు మెట్టు. ధాన్యమునకు మనము చూపగల ఉపయోగములలో అగ్గికి ఆహుతి చేయుట కన్న హీనమైనది మరియొకటి కలదా?

ఊరివారి మాట వినకుండ కట్టిన కర్మాగారము ఎంతకాలము నిలుచును? నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో ఇథనాలు కర్మాగారము వలదని ప్రజలు జాతీయరహదారిపై బైఠాయించిరి; పనులు నిలుపవలసిందిగా అధికారులు ఆజ్ఞ ఇచ్చిరి. ఆ ప్రజలు అభివృద్ధికి శత్రువులని కొందరు నగరవాసులు నిందించినారు. తమ చెరువు, తమ గాలి ఏమగునని అడిగిన వానిని శత్రువనుట మాకు నచ్చలేదు.

ధాన్యము బదులు గడ్డిని వాడుదమని మరియొక మార్గము కలదు. హర్యానాలోని పానీపట్టున 2022 ఆగస్టులో ఆరంభమైన కర్మాగారము ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డినుండి 3 కోట్ల లీటర్ల ఇథనాలు తీయుటకై నిర్మింపబడినది. అస్సాములోని నుమాలిగఢ్‌లో వెదురునుండి ఇథనాలు తీయు కర్మాగారమును 2025 సెప్టెంబరులో ప్రారంభించినారు. ఇవి మెచ్చదగిన ప్రయత్నములే. అయితే ఉత్తరాదిన పొలములో తగులబెట్టు గడ్డి వేరు, మన వైపు గడ్డివామి వేరు. మన పల్లెలలో వరిగడ్డి ఎడ్లకును పాడికిని మేత. పత్తికట్టె, కందికట్టె బీదరాలి పొయ్యిలో వంటచెరకు. వ్యర్థమను మాట పట్టణమున పుట్టినది. ఆ గడ్డిని బట్టీకి తరలించుటకు ముందు బఱ్ఱె ఏమి తినునో ఆలోచించుట అవసరము.

ఈ సందర్భమున నీలిమందు చరిత్రను తలపోయక తప్పదు. కడప, నెల్లూరు మండలములలో నీలిచెట్టు సాగు ఒకనాడు విస్తారముగా నుండెను. 1897లో జర్మనీవారు కృత్రిమపు నీలిని బజారున పెట్టిరి. ఆ యేట మొక్కలనుండి వచ్చిన నీలి 19,000 టన్నులు. 1914 నాటికి అది 1,000 టన్నులకు దిగజారెను. తొట్లు పాడుపడెను. చేను మనదైనను విద్య పరులదైనచో ఆ చేనునకు ఆయువు పరుల చేతిలోనే యుండును. నేడు సూక్ష్మజీవుల జన్యువులను మార్చి మనకు కావలసిన రసాయనమును తొట్టిలోనే పుట్టించు విద్య శీఘ్రముగా పెరుగుచున్నది. ఆముదమునకు ప్రతిగా రేపు అట్టి తొట్టి రాదని ఎవరు చెప్పగలరు?

ఆ విద్య మనకు రాదనుకొనుట పొరపాటు. శాంతా బయోటెక్నిక్స్ అను సంస్థ 1993లో హైదరాబాదున పుట్టి, 1997లో కామెర్ల టీకాను తన సొంత కృషితో వెలువరించి, అంతవరకు ధనవంతులకే అందిన ఆ రక్షణను సామాన్యుని బిడ్డకు అందించినది. తెలుగువారు గర్వింపదగిన ఘట్టమది. ఆ సంస్థ 2009లో ఫ్రెంచివారి సనోఫీ వశమైనది. వ్యాపారమున కొనుట, అమ్ముట సహజమే. అయినను ఫలించిన ప్రతి చెట్టును పెరటినుండి వేరొకరు కొనిపోవుచుండగా, మనకు నారుపోయుటయే వృత్తియగునేమోయని మా భయము.

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము బయో-ఈ3 అను విధానమును ఆమోదించినది. జీవవస్తువులతో చేయు రసాయనములు అందలి ప్రధానాంశములలో ఒకటి. ఉద్యోగకల్పన దాని పేరులోనే యున్నది. ఆ విధానము క్రింద ఆముదపు రసాయనములకు ఒక కర్మాగారము తెలుగునేలపై వెలయవలెనని మేము కోరుచున్నాము. అందు రైతుసంఘములకు వాటా యుండవలెను. గింజ ధరతోపాటు, గింజనుండి పుట్టిన ఆమ్లపు లాభమునందును వారికి పాలు రావలెను. ఇది ఊహాలోకపు మాట కాదు. 1956లో కరీంనగరు జిల్లాలో ముల్కనూరు రైతులు సహకార సంఘము పెట్టుకొని, తమ వడ్లను తామే విత్తనములుగా శుద్ధిచేసి అమ్ముకొనుట నేర్చుకొనలేదా? 2020లో ప్రభుత్వమువారు 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘములను నెలకొల్పుదుమని పథకము ప్రకటించినారు. వానిలో పెక్కింటికి ఎరువులమ్ముట కన్న మించిన పని ఇంతవరకు చూపలేదు.

రాజేంద్రనగరమున బూజు తెగులుపై సాగుచున్న పరిశోధనకు ధనము కొదువ కారాదు. బూజును తట్టుకొను గెల ఒకటి పాలమూరు రైతు చేతికి వచ్చిననాడు చెల్కలలో పత్తికి బదులు ఏది వేయవలెనో అతనికి ఎవరును ఉపన్యసింపనక్కరలేదు. ఆకు ఏరి పట్టుపురుగునకు మేతయగును. నూనె తీసిన పిండి విషపూరితమగుటచే పశువులకు పెట్టరాదు గాని పొలమునకు మంచి ఎరువు. ఈ రెండింటి సంగతియు ఆ జిల్లాల వ్యవసాయాధికారులకు తెలిసినదే. రాబోవు వానకాలమునకు ముందే రెండు రాష్ట్రముల వ్యవసాయ మంత్రులు గుజరాతు మిల్లులవారితో, మన రైతుసంఘములవారితో ఒకచోట కూర్చుండి గింజకు ముందుగనే ధర నిర్ణయించిన యెడల, ఈ యేటనే కొన్ని వేల యెకరములలో తిరిగి ఆముదము మొలచును.