గ్రామీణ ప్రాంతాల్లో బరువు పెరుగుదల – నివారణ

స్థూలకాయం పట్టణాల సమస్య అనే అభిప్రాయం ఇప్పటికీ బలంగా ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల మహిళల్లో 36 శాతం మంది అధిక బరువు లేదా స్థూలకాయంతో ఉన్నారు. గ్రామాలను విడిగా చూసినా ఇది దాదాపు మూడో వంతు. అవే గ్రామాల్లో బరువు తక్కువగా ఉన్నవారూ, రక్తహీనత ఉన్నవారూ ఉన్నారు. కాబట్టి 'తక్కువ తినండి' అనే సలహా అందరికీ వర్తించదు.

మార్పు ఎక్కడ వచ్చిందో గమనించండి. దంచడం, విసరడం, నీళ్లు మోయడం, పొలానికి నడిచి వెళ్లడం తగ్గాయి. మిల్లు, మిక్సీ, కుళాయి, కోతమిషను, మోటారు సైకిలు వచ్చాయి. ఆ చాకిరీ మళ్లీ రావాలని ఎవరూ కోరరు; అందులో ఎక్కువ భాగం స్త్రీలే మోశారు. అయితే కష్టం తగ్గినా కంచంలో అన్నం కొలత తగ్గలేదు. పైగా నూనె, పంచదార, పిల్లల కోసమని కొన్న చిరుతిళ్ల ప్యాకెట్లు చేరాయి. మిగిలిన అన్నం పారేయలేక తల్లి తినే రెండు ముద్దలను ఏ సర్వే లెక్కించదు.

నూనెను ఉదాహరణగా తీసుకుందాం. నలుగురున్న ఇంట్లో నెలకు 5 లీటర్లు వాడుతున్నారనుకోండి. లీటరు సుమారు 910 గ్రాములు కనుక మనిషికి రోజుకు 38 గ్రాములు, అంటే 340 కేలరీలు. శ్రమ తక్కువగా ఉన్నవారికి 20–30 గ్రాములు చాలు. రోజుకు నాలుగుసార్లు రెండేసి చెంచాల పంచదారతో టీ తాగితే మరో 160 కేలరీలు. అరగంట నడకతో ఖర్చయ్యేది సుమారు 100 మాత్రమే. అందువల్ల వంటగదిని వదిలి నడక ఒక్కదాన్నే నమ్ముకోలేం.

అన్నం మానేసి జొన్నరొట్టె తింటే బరువు తగ్గుతుందని కొందరి నమ్మకం. బియ్యం, జొన్నలు రెండింటిలోనూ 100 గ్రాములకు కేలరీలు ఇంచుమించు సమానమే. జొన్నల్లో పీచు ఎక్కువ, త్వరగా కడుపు నిండుతుంది, లాభం అక్కడ. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు, ఆకుకూర అంతమేర పెంచినా ఇదే ఫలితం వస్తుంది. టీలో పంచదారను వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తే నాలుక అలవాటు పడుతుంది.

నడకకు అడ్డంకి బద్ధకమే కాదు. లారీలు తిరిగే రోడ్డు మీద కోడలు ఒంటరిగా నడిస్తే నలుగురూ అడుగుతారు. పొదుపు సంఘం సభ్యులు కలిసి తెల్లవారుజామున బయలుదేరితే ఆ ప్రశ్న రాదు.

అభ్యాసం: గత నెల మీ ఇంట్లో కొన్న నూనెను పైవిధంగా తలకు లెక్కించండి. ఇంట్లోని పెద్దల నడుము చుట్టుకొలత టేపుతో కొలవండి. స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటినట్లయితే ఆ విషయం రాసి, ముందుగా మార్చదగిన అలవాటు ఒకటి గుర్తించండి.