శంషాబాద్ పరిసర చెరువుల్లో ఆల్చిప్పల సంరక్షణ

అంచు పదునైన ఆల్చిప్పతో పచ్చిమామిడికాయ చెక్కు తీయడం తెలుగు ఇళ్లలో పాత అలవాటు. చిప్ప అందరికీ పరిచితమే. అందులో జీవించే ప్రాణి జీవనవిధానం మాత్రం అంతగా తెలియదు. దక్కన్ ప్రాంతపు చెరువుల్లో, వాగుల్లో ప్రధానంగా లామెల్లిడెన్స్, ప్యారీసియా ప్రజాతులకు చెందిన ఆల్చిప్పలు కనిపిస్తాయి. ఇవి అడుగు బురదలో సగం కూరుకొని, నీటిని లోనికి పీల్చి, మొప్పల సాయంతో అందులోని శైవలాలను, సేంద్రియ రేణువులను వడగట్టి ఆహారంగా గ్రహిస్తాయి. నీటిలోని మురికి తగ్గడానికి ఈ ప్రక్రియ కొంత తోడ్పడుతుంది.

వీటి సంతానోత్పత్తి విచిత్రమైనది. ఆడ ఆల్చిప్ప మొప్పల్లోనే అండాలు ఫలదీకరణం చెంది, గ్లాకిడియం అనే డింభక దశకు చేరుకుంటాయి. అర మిల్లీమీటరు కూడా ఉండని ఈ డింభకాలు నీటిలోకి విడుదలైన కొద్దికాలంలోనే ఏదైనా చేప మొప్పలను గాని, రెక్కలను గాని పట్టుకోవాలి. పట్టు దొరకనివి నశిస్తాయి. దొరికినవి కొన్ని రోజులు లేదా వారాలపాటు చేప శరీరంపై పరాన్నజీవిగా గడిపి, పిల్ల ఆల్చిప్పలుగా రూపాంతరం చెంది అడుగుకు రాలుతాయి. అన్ని చేపలూ అన్ని జాతుల డింభకాలకు ఆతిథ్యం ఇవ్వవు. కనుక తగిన చేప లేని చెరువులో ఆల్చిప్పకు వారసులు ఉండరు.

అయినప్పటికీ పెద్ద ఆల్చిప్పలు సంవత్సరాల తరబడి బతుకుతాయి. చూసేవారికి చెరువు ఆరోగ్యంగానే ఉన్నట్లు తోస్తుంది. లామెల్లిడెన్స్ మార్జినాలిస్‌ను అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ‘తక్కువ ఆందోళన’ వర్గంలో ఉంచింది. ఆ వర్గీకరణ జాతి మొత్తానికి వర్తిస్తుంది గాని, ఒక ఊరి చెరువుకు భరోసా కాదు. అందుచేత పరిశీలనలో లెక్కించవలసింది ముందుగా చిన్న చిప్పలను. వేసవిలో నీరు తగ్గినప్పుడు అంచు బురదలో రెండు మూడు సెంటీమీటర్ల లోపు సజీవ పిల్లలు దొరికితే సంతతి కొనసాగుతున్నట్లు. పెద్దవి మాత్రమే కనిపిస్తే అనుమానించవలసిందే.

శంషాబాద్‌కు సమీపంలోని హిమాయత్ సాగర్ 1927లో ఈసా నదిపై పూర్తయింది. 1908 మూసీ వరద అనంతరం నగర రక్షణకు, తాగునీటికి తలపెట్టిన జంట జలాశయాలలో ఇది ఒకటి. వీటి పరీవాహక ప్రాంతంలోని 84 గ్రామాలలో నిర్మాణాలను నియంత్రిస్తూ 1996లో 111వ జీవో వెలువడింది. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలించింది. ఈలోగా 2008 మార్చిలో విమానాశ్రయం ప్రారంభమైంది, బాహ్యవలయ రహదారి వచ్చింది, భూమి విలువ పెరిగింది. కాంక్రీటు పరచిన నేలపై వాన ఇంకదు. మట్టిని, నూనెను, మురుగును వెంటబెట్టుకొని ఒక్కసారిగా పారుతుంది. సన్నని మట్టి పిల్ల ఆల్చిప్పలను కప్పివేస్తుంది. మురుగులోని అమ్మోనియా పెద్దవాటికన్నా పిల్లలకే ఎక్కువ హానికరం. గొలుసుకట్టు చెరువుల మధ్య కాలువ పూడిపోతే చేపల రాకపోకలు ఆగి, వాటిపై ప్రయాణించే డింభకాల వ్యాప్తి కూడా ఆగుతుంది.

పూడికతీత మరో చిక్కు. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ వంటి పథకాల వల్ల చెరువుకు నిల్వసామర్థ్యం, పొలానికి సారవంతమైన ఒండ్రు లభించాయి. ఆ మేలును కాదనలేము. అయితే ఎండకాలం తడి బురదలో దాగిన ఆల్చిప్పలు ఆ ఒండ్రుతోపాటే ట్రాక్టరెక్కి పొలం చేరి చస్తాయి. చెరువంతా ఒకే వేసవిలో తవ్వకుండా సగభాగం చొప్పున రెండేళ్లలో తీయడం, లోతైన మడుగును కదల్చకుండా వదలడం ఖర్చులేని ఉపాయాలు. తవ్వకంలో బయటపడ్డవాటిని తడి గోనెసంచిలో నీడన ఉంచి, అదే రోజు ఆ చెరువులోనే నీరున్న చోట బురదలో సగం వరకు గుచ్చి నిలబెట్టాలి. వేరే చెరువుకు తరలిస్తే వ్యాధులు వ్యాపించే ప్రమాదముంది.

మత్స్య సహకార సంఘాలు బొచ్చె, రోహు పిల్లలను వదిలేటప్పుడు చెరువులోని చిన్న దేశవాళీ చేపలను పనికిమాలిన చేపలుగా ఏరివేయకపోవడం మంచిది. నత్తల నివారణ మందులను, ముఖ్యంగా మైలతుత్తాన్ని, చెరువులో చల్లకూడదు. అవి నత్తకూ ఆల్చిప్పకూ తేడా చూడవు.