కాలన్ తీగచుట్ట

వీధి చివర స్తంభాలపై నిలిచి ఉండే ట్రాన్స్‌ఫార్మర్‌ను మనం నిత్యం చూస్తూ ఉంటాం. 11,000 వోల్టుల విద్యుత్తును ఇళ్ల వాడకానికి తగిన స్థాయికి తగ్గించడం దాని పని. వోల్టేజిని తగ్గించే సూత్రమే దానిని పెంచడానికీ తోడ్పడుతుంది. ఈ సూత్రం వెలుగు చూసిన రోజుల్లో ఇటువంటి పరికరాలు అంగడిలో దొరికేవి కావు. పరిశోధకులు చేతికి అందిన వస్తువులతో తామే వాటిని తయారుచేసుకోవలసి వచ్చేది.

1831 ఆగస్టు 29న మైకేల్ ఫారడే ఒక ఇనుప వలయానికి రెండు వైపులా రాగితీగలు చుట్టాడు. చుట్లు ఒకదానికొకటి తగలకుండా నూలుగుడ్డను, దారాన్ని అడ్డుగా ఉంచాడు. మొదటి చుట్టలో విద్యుత్తును ప్రవేశపెట్టినపుడు, ఆపినపుడు మాత్రమే రెండవ చుట్టకు సంబంధించిన అయస్కాంత సూచి కదిలింది. ప్రవాహం నిలకడగా ఉన్నంతసేపు అది చలించలేదు. మారుతున్న అయస్కాంత క్షేత్రమే విద్యుత్తును ప్రేరేపిస్తుందని దీనివల్ల రుజువైంది.

ఐర్లండులోని మేనూత్ కళాశాల ఆచార్యుడు, మతగురువు అయిన నికొలస్ కాలన్ ఈ సూత్రంతో 1836లో అధిక వోల్టేజి తీగచుట్టను నిర్మించాడు. ఇనుముపై లావుపాటి తీగను, పొడవైన సన్నని తీగను చుట్టాడు. సన్నని తీగ చుట్లు పెరిగినకొద్దీ వోల్టేజి పెరుగుతుంది. అయితే శక్తి కొత్తగా పుట్టదు; వోల్టేజి పెరిగితే ప్రవాహం తగ్గుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఎదురైంది. బ్యాటరీ ఇచ్చే ప్రవాహం నిలకడైనది. ప్రేరణకు కావలసినది మార్పు. కాలన్ 1837లో గడియారపు యంత్రాంగాన్ని జోడించి, ప్రవాహం సెకనుకు 20 సార్లు తెగి కలిసేలా చేశాడు. కాలాన్ని కొలిచే చక్రాలే విద్యుత్ మెరుపులకు ఆధారమయ్యాయి. ఆయన పరికరాల తాకిడికి ఒక విద్యార్థి స్పృహ తప్పాడని చెబుతారు.

ఈ చివరి మాట మరువరానిది. నేడు పాత మైక్రోవేవ్ ఓవెన్ల నుంచి విప్పిన ట్రాన్స్‌ఫార్మర్లతో ప్రయోగాలు చేసేవారున్నారు. వీటి వోల్టేజి సుమారు 2,000 మాత్రమే. కాని కాలన్ చుట్ట వెనుక ఉన్నది బ్యాటరీ; వీటి వెనుక ఉన్నది ఇంటి విద్యుత్ సరఫరా. అందువల్ల ప్రాణాన్ని హరించడానికి చాలినంత ప్రవాహం వీటి నుంచి వెలువడుతుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా ఓవెన్‌లోని కెపాసిటర్‌లో విద్యుదావేశం నిలిచి ఉండవచ్చు. అమెరికాలో ఇటువంటి ట్రాన్స్‌ఫార్మర్లతో చెక్కపై చిత్రాలు కాల్చబోయి పలువురు మరణించారు.

కాలన్ నుంచి మనం గ్రహించవలసినది మెరుపుల మీది మోజు కాదు, సమస్యను విడదీసి చూసిన వివేకం. ఒక ఇనుప మేకు, రెండు తీగచుట్టలు, ఒక టార్చి ఘటం, కళాశాల ప్రయోగశాలలోని గాల్వనామీటరు ఉంటే, అధ్యాపకుని సమక్షంలో ఫారడే చూసిన కదలికను మనమూ చూడవచ్చు. సూత్రం తెలుసుకోవడానికి ఆ చిన్న కదలిక చాలు.