ఒక్క పాప లెక్క

పిల్లలూ, ఒక చిన్న ఊళ్ళో ఏడాదికి 20 మంది శిశువులు పుట్టారనుకోండి. వారిలో ఒక పాప ఏడాది నిండకుండానే చనిపోయింది. వెయ్యికి ఎంతో లెక్క కట్టండి చూద్దాం. 50! "నర్సు సరిగా చూడటంలేదు" అంటారు జనం. మరుసటేడు అందరూ బతికారు. లెక్క సున్న. ఇప్పుడు అదే నర్సును మెచ్చుకుంటారు! పాపం, ఆమె రెండేళ్ళూ ఒకేలా పనిచేసింది.

అదే 20,000 మంది పుట్టే జిల్లాలోనయితే, ఒక పాప పోయినందువల్ల వెయ్యికి వచ్చే తేడా 0.05 మాత్రమే.

మన దేశంలో నమూనాగా ఎంచుకున్న ఊళ్ళలో, పేటల్లో జనన మరణాలు నమోదు చేస్తారు. సిక్కిం వంటి చిన్న రాష్ట్రాలలో పుట్టేవారు తక్కువ గనుక, శిశు మరణాల రేటును మూడేళ్ళ లెక్కలు కలిపి కడతారు.

పేపర్లో ఇటువంటి అంకె కనబడితే, నేను ముందు పుట్టినవారెందరో వెతుకుతాను.